డ్రైవరు వైపు అద్దం

బస్సు నడిపినన్నాళ్లూ అరవై మందిని వెంటేసుకు తిరిగిన మనిషి, రిటైరయ్యాక మూడో మనిషికి చోటులేని పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రగా, పొట్టిగా, నేలను రాసుకుపోతున్నట్టుండేది ఆ బండి. "ఇందులోకి ఎక్కడం కాదు, దిగబడడమే," అంది భార్య మొదటిసారి కూర్చుని. ఆమెది వీధి మలుపులో కళ్లద్దాల షాపు. వాడకట్టంతా కళ్లద్దాలమ్మ అనేవారు. ఆయన మాత్రం పెళ్లయిన నాటినుంచీ "ఇదిగో" అనే పిలిచేవాడు.

ఇంటి వెనక షెడ్డులో ఇంజను విప్పి, బిగించి, నానా తంటాలూ పడి బండికి ప్రాణం పోశాడు. అంతా అయ్యాక చూస్తే తలుపులకు అద్దాల్లేవు. లోపల, ముందు గాజుకు అంటుకుని అరచేతిలో సగమంత అద్దం ఒకటుంది, అంతే.

"వెనకేం వస్తోందో తెలీకుండా నడపడం నావల్ల కాదు," అన్నాడాయన.

ఆమె తమ్ముడికి కార్ల టింకరింగ్ షెడ్డుంది. కబురు పెడితే మూడు జతల అద్దాలు పట్టుకొచ్చాడు. పలకలాగా ఉన్నవి ఒకటి, కోడిగుడ్డు డిప్పలాంటివి ఒకటి, సన్నటి కాడ మీద గుండ్రంగా ఉన్నవి ఒకటి. ఆమె ఒక్కో జతా తలుపు మీద ఆనించి, వెనక్కి నడిచి, తల వాల్చి చూసింది.

"పలకవి వద్దు. మొహం నిండా ఫ్రేమున్న కళ్లజోడులా ఉంది."

"అక్కా, నీ బేరాలకీ బండికీ సంబంధమేంటి?"

"ముఖమేదైనా ముఖమే కదరా."

గుండ్రటివి ఖాయమయ్యాయి. ఎక్కడ బిగించాలన్నది తేలడానికే పూటంతా పట్టింది. మరీ ముందుకు జరిపితే ముందు గాజు మూల కమ్మీ అడ్డొస్తోంది. వెనక్కి జరిపితే మెడ తిప్పాల్సి వస్తోంది. ఆయన సీట్లో కూర్చుంటే తమ్ముడు అద్దం పట్టుకున్నాడు. చివరికి కళ్లద్దాలమ్మే ఆయన కంటి వరస చూసి, తలుపు మీద అంటించిన టేపు మీద పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టింది.

తమ్ముడు డ్రిల్లు ఆనించగానే బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. ఇనుప రజను రాలాల్సిన చోట తెల్లటి పొడి రాలింది.

"లప్పం," అన్నాడు వాడు వేలితో నలిపి. "ఇక్కడ ఇదివరకే బెజ్జాలున్నాయక్కా. ఎవరో అద్దం పీకేసి పూడ్చేశారు. సరిగ్గా నువ్వు చుక్క పెట్టిన చోటే."

రెండో తలుపు మాత్రం గట్టి రేకు. దానికెన్నడూ ఎవరూ ఏమీ బిగించలేదు.

బండి అమ్మినామెకు తమ్ముడు అప్పుడే ఫోన్ చేశాడు. "మా ఆయనే తీసేశారు బాబూ," అందామె. "ఎందుకని అడిగితే, దాన్ని చూస్తూ కూర్చుంటే ఇంట్లోకి రాబుద్ధి కావడం లేదన్నారు. ఆయనవన్నీ అలాంటి మాటలే." ముగ్గురూ నవ్వుకుని పని కానిచ్చారు.

బండి తీసుకుని మొదటిసారి రోడ్డెక్కినాయన తిరిగొచ్చేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బస్సు నన్ను దాటిపోయింది. దాటిపోయాక అద్దంలో కనపడింది, వెనకనుంచి వస్తూ," అన్నాడు.

ఆమె ఆయన్ని షాపుకు తీసుకెళ్లి కళ్లు పరీక్ష చేసింది. కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. మర్నాడు బండి వెనక తను నిలబడి, ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి, చెయ్యెత్తింది.

"ఎత్తు మరి," అన్నాడాయన.

"ఎత్తే ఉంచాను."

కాసేపటికి, ఆమె చెయ్యి దించేశాక, ఆయన మెల్లగా, "ఆఁ, ఇప్పుడెత్తావు," అన్నాడు.

తమ్ముడు గాజు మార్చాడు. అద్దమే మార్చాడు. రెండో తలుపు అద్దం తెచ్చి ఇక్కడ పెట్టాడు. ఏది పెట్టినా ఆ చోట వెనకబడుతోంది, రోజురోజుకీ ఇంకాస్త. పొద్దువాలేవేళ అందులో మిట్టమధ్యాహ్నపు ఎండ కనపడింది. తరవాత నిన్నటి ముసురు కనపడింది. ఆయన దాన్ని పీకనివ్వలేదు. "ఉండనీ, ఎంతదాకా పోతుందో చూద్దాం," అనేవాడు. బండి మాత్రం షెడ్డు దాటించలేదు.

ఒక ఉదయం ఆయన బజారుకెళ్లినప్పుడు ఆమె దుమ్ము తుడుద్దామని షెడ్డులోకెళ్లి, ఊరికే సీట్లో కూర్చుంది. బయట మబ్బు పట్టి ఉంది. అద్దంలో మాత్రం వెనక గోడ మీద ఎండ పడుతోంది. పనిబల్ల దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు, నీలం చొక్కాలో. ఆ చొక్కా ఇప్పుడు పెరట్లో తీగ మీద ఆరుతోంది.

ఆయన చేతిలోంచి స్పానరు జారింది. చప్పుడు లేదు. బల్ల అంచు పట్టుకుని అలాగే కిందికి జారి, బోర్లించిన డబ్బా మీద కూలబడ్డాడు. కుడిచేత్తో ఎడమ భుజం నొక్కుకున్నాడు. నోరు తెరిచి ఏదో అన్నాడు. మళ్లీ అదే అన్నాడు. ఆమెకు పెదాలు చదవడం రాదు గానీ, ఆ మాట తెలియడానికి చదవక్కర్లేదు. ఇదిగో అంటున్నాడు.

ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. షెడ్డు గుమ్మం అవతలే, ఇంట్లో పెట్టుకున్న అద్దాలు అరగదీసే మిషను దగ్గర కూర్చుని ఉంది. దాని రొదలో పక్క మాట వినపడదు.

చాలాసేపటికి ఆయన లేచాడు. చొక్కా దులుపుకున్నాడు. పాలిపోయిన ముఖం ఇంట్లోవాళ్లకు తెలుస్తుందేమో చూసుకోవడానికి కాబోలు, బండి పక్కకు వచ్చి అలవాటు కొద్దీ అద్దంలోకి వంగాడు. గుండ్రటి అద్దం నిండా ఆయన ముఖమే. చెమటతో తడిసి, ఆమె కళ్లలోకి సూటిగా చూస్తోంది. చూసి, వెతికి, తన ముఖం అందులో కనపడక కాబోలు, ఆ కళ్లు బెదిరాయి.

ఆమె గేటు తలుపు చప్పుడైతేగానీ ఈ లోకంలోకి రాలేదు. సంచీతో వస్తున్న ఆయనకు ఎదురెళ్లి, "సంచీ అక్కడ పెట్టండి. డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది.

"ఎందుకు? నాకేమైంది?"

"డబ్బా మీద కూర్చుని నన్ను పిలిచారు."

ఆయన ముఖం మాడిపోయింది. "నీకు వినపడలేదుగా?"

"ఇప్పుడు వినపడింది. పదండి."

గుండె రక్తనాళంలో అడ్డుంది. ఆ పూటే చేర్చుకుని స్టెంటు వేశారు. ఇంకొన్నాళ్లు నాన్చి ఉంటే మాట్లాడుకోవడానికేమీ మిగిలేది కాదని డాక్టరు ఆయన ముందే అన్నాడు.

ఆసుపత్రిలో ఆయన పక్కన తమ్ముడు పడుకుంటే, ఆమె బట్టల కోసం ఇంటికొచ్చింది. ఇల్లు బావురుమంటోంది. షెడ్డులోకెళ్లి కూర్చుంది. అద్దంలో ఆయన తిరుగుతున్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు, ఏదో పాట లోపలే పాడుకుంటూ తల ఆడిస్తున్నాడు. ఒంట్లో బాగాలేదన్న సంగతి ఇంకా తెలియని ముఖం. ఆమె చూస్తూ ఉండిపోయింది.

మళ్లీ వాకిలి చప్పుడైంది. తమ్ముడు.

"బట్టలన్నావు, పొద్దున్ననగా వచ్చావు. బావ కంగారుపడుతున్నాడు. ఫోనెందుకు తియ్యవు?"

ఆమె తల తిప్పకుండానే, "వస్తానుండరా. ఆయన ఇంకా పని ముగించలేదు," అంది. అన్నాక ఆ మాట తన చెవినే పడింది. దిగి వాడి చెయ్యి పట్టుకుంది.

"తీసెయ్యరా. ఇప్పుడే, నా ముందే తీసెయ్యి."

వాడు నట్లు విప్పాడు. చేతికొచ్చిన అద్దం మామూలు అద్దమే. అందులో ఆమె ముఖం కనపడింది, ఏడ్చిన కళ్లతో. వాడు బెజ్జాలు లప్పంతో నింపి, నున్నగా గరుకు కాగితం పట్టించి, ఎర్రరంగు కొట్టేశాడు. కొత్త అద్దాల జత తలుపులకు కాకుండా ముందు మడ్‌గార్డుల మీద, బానెట్‌కు అటొకటీ ఇటొకటీ బిగించాడు. అవి ఉన్నదున్నట్టు చూపిస్తున్నాయి.

ఆయన కోలుకున్నాక ఇద్దరూ షికారు మొదలుపెట్టారు. ఏం చూశావని ఆయనడగలేదు, ఆమె చెప్పలేదు. భుజం లాగినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆయన వెంటనే చెప్పేస్తున్నాడు, ఆమె పక్కనే ఉన్నా గట్టిగా.

ఒకరోజు దారిలో వాన పట్టుకుంది. మడిచి ఉన్న గుడ్డ టాపు వేసుకుని ఒక చెట్టుపక్కన ఆగారు. వాన వెలిశాక ఆమె దిగి బండి తుడుస్తూ డ్రైవరు వైపు వచ్చింది. తలుపంతా నీళ్లు కారుతున్నాయి. పాత అద్దం బెజ్జాలు పూడ్చిన చోట ఒక్క అరచేతి మేర, పొడిగా, దుమ్ముతో ఉంది.

"ఏంటి చూస్తున్నావు?" అన్నాడాయన లోపలినుంచి.

"ఏం లేదు."

తలుపంతా తుడిచి, గుడ్డ పిండి, మడిచింది. ఎండ బాగా కాసింది. రోడ్డు ఆరుతోంది. ఆమె చూస్తుండగానే ఆ అరచేతి మేర చోట ఒక చినుకు పడ్డట్టు తడి పుట్టింది. దాని పక్కనే ఇంకొకటి. పైన ఆకాశం తేటగా ఉంది. చెట్టు మరో పక్కనుంది. చినుకులు దబదబా పెరిగి, రంగు మీద ధార కట్టి కారాయి.

ఆమె దాన్ని తుడవలేదు. చుట్టూ తిరిగి వచ్చి తన సీట్లో కూర్చుని, తలుపు వేసుకుంది.

"పోనివ్వండి," అంది.