గుడిసెలో కూర్చునే పని

పొద్దున్న తొమ్మిదింటికల్లా కనక చెప్పులు, చేతి గడియారం, జాకెట్టు, మూడూ విప్పి స్టోర్‌రూములో బియ్యం బస్తాల వెనక దాచేది. ఎర్ర గళ్ళచీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, పైటకొంగు భుజం మీద ముడేసుకుని, వెన్నెలగూడెం రిసార్టు నడిమధ్యన కట్టిన గడ్డి గుడిసెలోకి వెళ్ళి తిరగలి ముందు కూర్చునేది. అదే ఆమె ఉద్యోగం. ఆ చీరకట్టు వాళ్ళ అమ్మమ్మ కాలంది. కనక ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైన మనిషి. జాకెట్టు లేకుండా నలుగురి ముందుకీ రావడమన్నది ఈ ఉద్యోగంలో చేరాకే నేర్చుకుంది. మేనేజరు దేవీప్రసాద్ మొదటిరోజే విడమర్చి చెప్పాడు. "గెస్టులు వైజాగు నించి ఇంత దూరం వచ్చేది జాకెట్లు చూడ్డానికి కాదు. అవి వాళ్ళిళ్ళలోనే ఉన్నాయి. ఇంకో మాట, నీకు తెలుగు రాదు. ఎవరేమడిగినా నవ్వు, అంతే."

నాలుగేళ్ళుగా నవ్వుతూనే ఉంది. ఆమె విసిరిన చోడిపిండితో వంటింట్లో రాగి అంబలి కాచి, మట్టి పిడతల్లో పోసి, దిగినవాళ్ళందరికీ వెల్‌కమ్ డ్రింకని ఇచ్చేవారు. సాయంత్రం నాలుగు మైళ్ళు నడిచి ఇంటికెళ్ళాక మళ్ళీ తిరగలే, ఈసారి అత్తకీ మొగుడికీ. అక్కడ మాత్రం ఫోటోలు తీసేవాళ్ళెవరూ ఉండరు. అత్త దేముడమ్మకి కోడలి జీతం అంటే మహా వింత. "కూకుని తిరగలి తిప్పితే జీతమేటే? నాను ముప్పయ్యేళ్ళు తిప్పినాను. నాకెవుడిచ్చినాడు?" అనేది. కోడల్ని దెప్పుతున్నాననుకునేది గానీ, ఆ మాటలో తన బతుకుకి జరిగిన అన్యాయమే ఉందని పాపం ఆ ముసలమ్మకి తట్టేది కాదు. ఇక మొగుడు గాసి. రిసార్టు జీపు డ్రైవరు. అరకు స్టేషన్లో రైలు దిగిన గెస్టుల్ని తెచ్చి దింపుతాడు. ప్యాంటు, ఇస్త్రీ చొక్కా, ఎవరో గెస్టు మరిచిపోయిన నల్లకళ్ళద్దాలు. "నాను గాటీలో పేనాలకి తెగించి బండి తోల్తన్నాను. నువ్వు సేసేదేటి, నీడపట్టున కూకుంతావు" అనేవాడు, చేతులు కడుక్కోకుండానే కంచం ముందు కూర్చుంటూ. కనక వడ్డించేది. నీడపట్టున కూర్చునే మనిషికి నడుమెందుకు విరిగిపోతుందో చెప్పినా వాడికి ఎక్కదని నాలుగేళ్ళ కిందటే తెలుసుకుంది.

తెలుగు రాని మనిషి ముందు జనం ఏమైనా మాట్లాడతారు. గోడ ముందు మాట్లాడినట్టే. కనక తిరగలి తిప్పుతూ అన్నీ వినేది. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి కావలసింది పొగమంచు, గట్టి తలుపు గడియ. ఆఫీసు జట్లుగా వచ్చే మగవాళ్ళకి నెగడు, మందు, థింసా నాట్యం. థింసా అంటే వాళ్ళ లెక్కలో పరాయి ఆడదాని నడుం వెనక చెయ్యి వేసి దర్జాగా తిరగడమే. ముసలి డాక్టర్లకి వేణ్ణీళ్ళు చాలు. పిల్లల తల్లులకి, ఆ పిల్లలు రెండుగంటలపాటు కంటికి కనపడకుండా పోయే చోటు కావాలి. అత్తగార్లకి మాత్రం కనకే కావాలి. ఆమెని వేలెత్తి చూపిస్తూ, "చూడు, వీళ్ళు కన్న మూడోరోజుకి పొలానికి పోతారట. నువ్వేమో ఆపరేషనంటూ ఆర్నెల్లు మంచం దిగలేదు" అంటారు. మొగుళ్ళు కనక భుజం వంక చూసి, "డైటింగులూ అవీ లేకుండానే ఎంత సన్నంగా ఉందో" అని పెళ్ళాలతో అంటారు. ఆ పెళ్ళాలు పొట్ట మీదికి కొంగు లాక్కుని, అన్న మొగుణ్ణి వదిలేసి కనకని అసహ్యంగా చూస్తారు. ఆ చూపులన్నీ మోసింది కనక. ఆడది ఆడదాన్ని అలా చూసేటట్టు చేసి, పక్కన నిలబడి ఫోటో తీసుకునే మగాడి మీద ఆమెకి ఒళ్ళు మండేది. నవ్వేది.

ఒకసారి విజయనగరం నించి వచ్చిన హేమలత అనే ఆవిడ, మిగతావాళ్ళు బొర్రా గుహలకి వెళ్తే తలనొప్పని ఆగిపోయి, గుడిసెలో కనక పక్కన చతికిలబడింది. "నీకు అర్థం కాదులే, అందుకే చెప్తున్నా" అంది. "పదకొండేళ్ళయింది పెళ్ళై. పొయ్యి ముట్టించకుండా పొద్దెక్కడం ఇదే మొదలు. కానీ నాకిక్కడ నచ్చింది అది కూడా కాదు. మావారు రెండ్రోజులుగా నా మీద అరవడం లేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయని రూంబాయ్ మీద, పులుసులో ఉప్పు లేదని వంటవాడి మీద అరుస్తున్నారు. ఎంత హాయిగా ఉందో." అని ఏడిచింది. కనక తిరగలి ఆపలేదు. ఆపితే అర్థమైందని తెలిసిపోతుంది.

సాయంత్రం అయిదింటికి జాకెట్టు తొడుక్కుని మేనేజరు గదిలో నిలబడి, విన్నదంతా చెప్పడం ఆమె ఉద్యోగంలో రెండో సగం. దానికి వేరే జీతం లేదు, పేరూ లేదు. దేవీప్రసాద్ అదంతా ఇంగ్లీషులో రాసి వైజాగులో ఉన్న ఓనరుకి పంపేవాడు. ఏ గెస్టుకి ఏం కావాలో దేవీప్రసాద్‌కి తెలిసినట్టు ఎవరికీ తెలీదని ఓనరు మెచ్చుకునేవాడట. కాటేజీలు ఎనిమిది ఉండేవి పద్నాలుగయ్యాయి. హేమలత మాటలు మాత్రం కనక చెప్పలేదు. మిగతావన్నీ చెప్పేది. అలా చెబుతూనే కార్తీకంలో ఒకరోజు, ఏ ఆలోచనా లేకుండా ఒక మాట జారింది. "గెస్టుల పిల్లలు అడుగుతున్నారు సార్, ఈ గుడిసెలో పిల్లల్లేరా అని."

వారం తిరక్కుండా గాసి అనంతగిరి హాస్టల్నించి కూతుర్ని ట్రంకుపెట్టెతో సహా జీపులో తెచ్చి దింపాడు. రాజకుమారికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. ఎక్కాలు పన్నెండు దాకా గడగడా అప్పజెప్పే పిల్ల.

"సెలవులు గావు గదా, ఎందుకు తెచ్చినావు?" అంది కనక.

"మేనేజరు బాబు అడిగినాడు. గుంట నీ పక్కన కూకుంతాది."

"బడో?"

"బడేటి బడి. నువ్వు పది సదివి ఏటి సేత్తన్నావు? తిరగలి తిప్పుతన్నావు. అదేదో ఇప్పుడే తిప్పితే సరిపోద్ది." అంత సులువుగా అన్నాడు. దేముడమ్మ పక్కనుంచి, "ఆడగుంట. ఎప్పటికైనా తిప్పాల్సిందే గదా" అంది.

మర్నాడు మేనేజరు దగ్గరికి పరుగెత్తింది. పిల్లని వదిలెయ్యమంది. దేవీప్రసాద్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఐడియా నీదే కదా కనకా. రిపోర్టులో రాశాను కూడా. ఓనరుగారికి తెగ నచ్చింది." నాలుగేళ్ళుగా ఎవరెవరి గుట్టో మోసుకొచ్చి ఈ గదిలో పోసింది. చివరికి అందులో తన కూతురే పడింది. తనని తాను తిట్టుకున్న తిట్లు దేముడమ్మకి కూడా రావు.

స్టోర్‌రూములో కూతురి గౌను తనే విప్పింది. జడ విప్పి తలంతా రేపింది. తర్వాత పిల్ల గడ్డం పట్టుకుని, "అమ్మా, గుడిసెలో నీకు తెలుగు రాదు" అని తన నోటితోనే చెప్పింది. "ఎందుకమ్మా?" అనడిగింది పిల్ల. కనక పిల్ల చెప్పులు తీసి బస్తాల వెనక పెట్టింది. మొదటిరోజు ఒకావిడ పేరేమిటని సైగ చేస్తే, "రాజకుమారి ఆంటీ, నాలుగో తరగతి" అనేసి మేనేజరు చేత తిట్లు తింది. రెండోరోజు ఎవరో పిల్లవాడు సగం కొరికిన బిస్కెట్టు విసిరాడు, తింటుందా లేదా అని చూద్దామని. నాలుగో రోజుకి రాజకుమారి నవ్వడం నేర్చుకుంది. కనకకి ఆ నవ్వు రావడానికి నెల పట్టింది. పిల్లకి నాలుగు రోజుల్లో వచ్చేసింది. ఏడిస్తే ఓదార్చేది. నవ్వుతుంటే ఏం చెయ్యాలి?

మానేద్దామా? తను మానేస్తే పిల్ల ఒక్కతే కూర్చుంటుంది. గాసిని బతిమాలదామా? వాడు నాలుగు తగిలించి అన్నానికి కూర్చుంటాడు. ఓనరుతో చెప్పుకుందామా? ఆయనకి తెలిసిన కనక ఫోటోలోని కనక, ఆమెకి తెలుగు రాదు. తిరగలి తిప్పుతూ ఇలా ఒక్కొక్క తలుపూ తట్టి చూసుకుంది. ఏదీ తెరుచుకోలేదు. తన చేతిలో ఉన్నదల్లా ఒక్కటే. తను చెప్పింది మేనేజరు నమ్ముతాడు. నాలుగేళ్ళలో ఒక్క అబద్ధం చెప్పలేదు కాబట్టి నమ్ముతాడు.

ఆ సాయంత్రం చెప్పింది. "పిల్లని చూసి గెస్టులు మొహం మాడ్చుకుంటున్నారు సార్. బడికి పంపరా అని వాళ్ళలో వాళ్ళు అనుకుంటున్నారు. ఒకాయన కలెక్టరాఫీసుకి రాస్తానన్నాడు."

దేవీప్రసాద్ పెన్ను కింద పెట్టాడు. "ఏం పేరు ఆయనది?"

"పేరు తెలీదు సార్. పొద్దున్నే ఖాళీ చేసి వెళ్ళిపోయారు."

"మరి ఓనరుగారికి గుడిసెలో కొత్తగా ఏదో ఒకటి చూపిస్తానని చెప్పానే?"

"ఇక్కడ ఆడగెస్టులకి ఏమీ లేదు సార్. మగాళ్ళకి థింసా ఉంది. పిల్లలకి ఉయ్యాలలున్నాయి. ఆడాళ్ళు ఊరికే కూర్చుని పోతున్నారు." ఇది నిజమే. అబద్ధానికి ఎప్పుడూ పక్కన ఒక నిజం నిలబెట్టాలి. తర్వాత, చైత్రమాసం పండగలో వాళ్ళ ఊళ్ళో ఏం చేస్తారో చెప్పింది. మగాళ్ళంతా వేటకి పోతారు. ఒట్టిచేతులతో తిరిగొచ్చినవాడి మీద ఆడాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు, నోటికొచ్చిన తిట్లు తిడతారు. ఆ ఒక్కరోజు ఎవడూ ఎదురు మాట్లాడకూడదు.

దేవీప్రసాద్ కళ్ళు మెరిశాయి. "పేడ వద్దు, గెస్టుల చేతులు పాడవుతాయి. ఎర్రమట్టి నీళ్ళు పెడదాం. మరి మనిషెవరు?"

"మా ఆయన ఉన్నాడు కదా సార్. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గోచీలో బాగుంటాడు. జీపు తోలడానికి కింద ఎవరైనా దొరుకుతారు." ఆ గదిలో ఎంత మామూలుగా మనుషుల్ని ఎంచుతారో అంత మామూలుగానే ఎంచింది.

మూడోరోజుకి గాసి ప్యాంటు బియ్యం బస్తాల వెనక చేరింది. కాదనబోయాడట. "నీ పెళ్ళాం నాలుగేళ్ళుగా కూర్చోవడం లేదా? నీదేం గొప్ప?" అన్నాడట మేనేజరు. అదే పొద్దున కనక కూతురి జడ రెండుపాయలుగా అల్లి, బస్సులో అనంతగిరి తీసుకెళ్ళి హాస్టల్లో దింపి, పిల్లకి జబ్బు చేసిందని వార్డెనుకి చెప్పి సంతకం పెట్టింది. దారి పొడుగునా పిల్ల బస్సు కిటికీలోంచి ఎక్కాలు అప్పజెబుతూనే ఉంది.

నాలుగు గంటలకి ఆట మొదలు. సిల్వర్ఓక్ చెట్ల వెనక నించి గాసి గోచీతో, భుజాన విల్లుతో, ఒట్టిచేతులతో రావాలి. ఆడగెస్టులు వరసగా చెంబులు పట్టుకుని నిలబడాలి. మొదటిరోజు వాళ్ళు సిగ్గుపడ్డారు. చుక్కలు చుక్కలుగా చల్లారు. మొగుళ్ళు కెమేరాలు పట్టుకుని, "కొట్టవే, గట్టిగా కొట్టు" అని ఎగదోశారు. అప్పుడొకావిడ, యాభై ఏళ్ళుంటాయి, చెంబు రెండుచేతులా ఎత్తి గాసి మొహం మీద ఛెళ్ళున కొట్టింది. ఇంకో చెంబు ముంచుకుంది. "ఇంటికి ఏం తెచ్చావురా? ఎప్పుడైనా ఏమైనా తెచ్చావా?" అంది. ఆవిడ గాసిని చూడటం లేదు. వెనక ఆవిడ మొగుడు కెమేరా దించాడు. నవ్వుతున్న మగాళ్ళలో ఒక్కొక్కరే నవ్వు మానేశారు. ఆడవాళ్ళు మాత్రం కుండల్లో మట్టినీళ్ళు అడుగంటేదాకా ఆగలేదు. ఆ నెలాఖరుకి, ఆడవాళ్ళు తమ అక్కచెల్లెళ్ళని, ఆఫీసు స్నేహితురాళ్ళని వెంటేసుకుని రావడం మొదలైంది. శనివారాలు రెండాటలు వెయ్యాల్సొచ్చింది.

పండగలో ఆ పని ఏడాదికొక్కసారి. మగాడూ నవ్వుతాడు, పరుగు తీస్తాడు, తర్వాత అంతా కలిసి జీలుగు కల్లు తాగుతారు. ఇక్కడ గాసి పరుగెత్తకూడదు. పరుగెడితే ఫోటోలు పాడవుతాయి. మీద పడ్డ ప్రతి మాటా అర్థమవుతూ, నవ్వుతూ నిలబడాలి. మట్టినీళ్ళు కలిపే పని కనకదే. రాళ్ళు తగలకుండా పాతగుడ్డలో వడగట్టి కలిపేది. అంతవరకే ఆమె జాలి.

ఒక సాయంత్రం చెవుల్లో మట్టితో వచ్చి ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. వేణ్ణీళ్ళు తెచ్చి చెవులు తుడుస్తుంటే, "కనకా" అన్నాడు. 'ఏటే', 'ఒసే' కాకుండా పేరుతో పిలవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. "నాను సెయ్యలేనే. ఆలెట్టా సూత్తారో నీకు తెల్దు. మేనేజరు బాబు నీ మాటింతాడు. ఓపాలి సెప్పవా?"

ఎలా చూస్తారో తనకి తెలీదట. కనకకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వాడి రెండో చెవి కూడా తుడిచింది. "సెప్తాన్లే" అంది.

మర్నాడు అయిదింటికి మేనేజరు గదిలో నిలబడింది. దేవీప్రసాద్ మంచి హుషారుగా ఉన్నాడు. "ఈ వేట ఆట ఎన్నాళ్ళు నడుస్తుందంటావు కనకా? సీజను దాటాక ఆపేసి, గుడిసెలోకి మళ్ళీ కొత్తగా ఎవర్నైనా చూద్దామా?"

కనక వేళ్ళు మడిచి తరగతులు లెక్కపెట్టింది. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది.

"ఆపొద్దు సార్, ఆడవాళ్ళు చాలా ఇష్టపడుతున్నారు" అంది. "ఆరేళ్ళు నడుస్తుంది."