రెండో తీగ

మా ల్యాబ్‌లో అందరి నోటా నానే మాట "రెండోది ఉందిగా". మాస్ స్పెక్ట్రోమీటర్‌లో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, వెంట్రుకంత సన్నటి తీగలు. ఒకటి కాలిపోతే రెండోదానికి మార్చేసి, కొత్తది తెప్పించే సంగతి మరిచిపోవడం మా ఇంటాచారం.

ఆ రెండోదీ పోయింది. పోతే పోయింది, సరిగ్గా మా మేనల్లుడి శాంపిల్ వచ్చిన ఉదయమే పోవాలా!

వాడు పుట్టి వారం కాలేదు. తాగిన పాలే ఒంట్లో విషమవుతున్నాయి. ఆ విషం ఏ ఆమ్లమో తేలితేగాని మందు మొదలుపెట్టలేనన్నాడు డాక్టరు. తేల్చాల్సింది ఈ యంత్రమే. ఊళ్లో ఇలాంటిది ఇంకోటి లేదు. తీగ తెల్లగా వెలిగితే దాన్నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి, శాంపిల్‌లోని అణువులను కొట్టి ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల బరువును బట్టి అది ఏ పదార్థమో తెలుస్తుంది. తీగ లేకపోతే యంత్రం గుడ్డిదే.

బీరువాలన్నీ తిరగేస్తే ఒక్క తీగ దొరికింది. బిగించాను. ఇక లోపలి గాలినంతా పంపు లాగేయాలి. గాలి మిగిలుండగా వెలిగిస్తే తీగ కాలిపోతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ మాట చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది నేనే.

తమ్ముడు పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. వైరింగ్ పని చేస్తాడు, స్విచ్చు నొక్కితే వెలగాలంతే వాడికి.

"ఇంకెంతసేపక్కా?"

"సాయంత్రం దాకా పడుతుందిరా. గాలి పోవాలి."

"పొద్దున్నుంచీ లాగుతూనే ఉందిగా!"

"నిదానమే ప్రధానం" అన్నాను. అన్నందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

మరదలు ఫోన్ చేసింది. పిల్లాడు ఏడవడం కూడా మానేశాడట. తమ్ముడు ఫోన్ పెట్టేసి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీకు దండం పెడతా అక్కా, ఒక్కసారి వేసి చూడు."

లోపల గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ చూశాను. లాగింది ఇంకా చాలదని నాకు తెలుసు. అయినా దగ్గరికొచ్చినట్టే కనిపించింది, అదే కొంప ముంచింది. పాత యంత్రం, తొందరపడితే ఆపే ఏర్పాటు దానికి లేదు. నొక్కాను.

వెలిగింది. తెర మీద గీత లేచింది. తమ్ముడు నా భుజం పట్టుకుని నవ్వాడు. వాడి నవ్వు ఆగకముందే గీత పడిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ మళ్లీ నొక్కాను.

"ఏమైందక్కా?"

"కాలిపోయింది."

వాడు బీరువా వైపు చూశాడు, ఇంకా ఆశగానే.

"రెండోది ఉందిగా?"