ఏ మందు అని ఎవరూ అడగలేదు

నేను ఒక ఇత్తడి భరిణెను. అరచేతిలో ఇమిడిపోయేటంత దాన్ని. పెంబర్తిలో ఒక పనివాడు రేకును లక్కమీద పరిచి, చిన్న సుత్తితో ఓపికగా కొట్టి నా మూతపై ఒక హంసను తీర్చాడు. అది హంసో బాతో ఇప్పటికీ తేలలేదు. మూత మాత్రం ఎంత బిగువుగా కుదిరిందంటే లోపలి వాసన రవ్వంతైనా బయటికి పోదు. ఆ బిగువు నా సుగుణమని చాలాకాలం నమ్మాను.

నన్ను కొన్నది కనకవ్వ, కుంకుమ కోసం. ఆమె భర్త రామనర్సయ్య ఒకనాడు 'జరసేపు' అని తీసుకొని నాలో ముక్కుపొడుం నింపాడు. ఆ జరసేపు ఆయన జీవితాంతం సాగింది. చుట్ట కాల్చేవాళ్లంటే ఆయనకు అసహ్యం. తనది అలవాటు కాదట, జలుబుకు మందట. ఆయన తరువాత నాలోకి లవంగాలు చేరాయి. అవి పంటినొప్పికి మందు. మనుషుల భాషపై నాకు కుతూహలం పుట్టింది అప్పుడే. ఆసుపత్రిలో ఇచ్చేది మందు. పత్తిచేనుపై చల్లేది మందు. టపాకాయలో కూరేది మందు. పొద్దుగూకితే దుకాణం ముందు ఒకరినొకరు తోసుకుంటూ కొనుక్కునేదీ మందే. బతికించేదానికీ చంపేదానికీ పేలేదానికీ తూలించేదానికీ ఒకే పేరు పెట్టుకొని, వీళ్లు పొరపాటు పడకుండా ఎలా నెట్టుకొస్తున్నారా అని ఆశ్చర్యపడేదాన్ని. పొరపాటు పడుతూనే ఉంటారని తెలిసింది మాత్రం కనకవ్వ మనవడు నిరంజన్ చేతికి వచ్చాకే.

నిరంజన్ హనుమకొండలో ఒక అద్దెగదిలో పెళ్లి వీడియోలను కూర్చేవాడు. ఎవరివో అప్పగింతలు, ఎవరివో కన్నీళ్లు; వాటికి సన్నాయి జతచేయడం అతని పని. ఒక చలికాలం అతనిలోకి దిగులు ప్రవేశించింది. కారణం చెప్పమంటే చెప్పలేడు. అన్నం రుచి పోయింది, స్నానం భారమైంది, ఫోను మోగితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. తెరమీద పెళ్లికూతురు ఏడుస్తుంటే తనకు కనీసం ఏడుపైనా రావడం లేదేమని విస్తుపోయి చూసేవాడు.

అప్పుడొక స్నేహితుడు కాస్త గంజాయి ఇచ్చాడు. దాచడానికి నాకన్నా నమ్మకమైన చోటు అతనికి కనబడలేదు. నిజం చెప్పాలి: మొదటిరోజు అతడు నవ్వాడు. ఆకులో నవ్వు ఎక్కడ ఉంటుందా అని నేను తెగ ఆలోచించాను. కానీ ఆ నవ్వు తొందరగానే పలచబడింది. మొదట నవ్వడానికి కావలసివచ్చిన ఆకు, తరువాత నిద్రపోవడానికి కావలసివచ్చింది. చివరికి ఊరికే కుర్చీలో కూర్చోవడానికి కూడా.

జనగామలో కుట్టుదుకాణం నడిపే అతని అక్క రజిత, తమ్ముడు చిక్కిపోవడం చూసి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది. నేను అతని జేబులోనే ఉన్నాను.

"మందు అలవాటుందా?" అని డాక్టరు అడిగాడు.

"మందు ముట్టనే ముట్ట సార్."

ఆ వాసనే తన తమ్ముడికి పడదని రజిత కాస్త గర్వంగానే చెప్పింది. డాక్టరు తలూపి మాత్రలు రాసిచ్చాడు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడతాయని, ఓపిక పట్టమని చెప్పాడు. నిరంజన్ ఆ మాత్రలను తెచ్చి నాలోనే, ఆకు మీద పరిచాడు.

రజిత రోజూ ఫోనులో అడిగేది: "మందేసుకున్నవా తమ్మీ?"

"ఏసుకున్నక్కా."

అది అబద్ధమని నేను అనలేను. ఆ మాటలో రెండింటికీ చోటుంది. వారాలు పట్టే మందును పక్కకు నెట్టి, క్షణాల్లో పనిచేసే మందు కోసం అతని వేళ్లు అడుగుకు పోయేవి. క్రమంగా దిగులుకు భయం తోడైంది. మెట్లమీది అడుగుల చప్పుడు తనకోసమే అనుకునేవాడు. ఒక మధ్యాహ్నం తెరమీద ఏడుస్తున్న పెళ్లికూతురు తనను చూసే ఏడుస్తోందని ఎంతగా నమ్మాడంటే, లేచి తెరకు దుప్పటి కప్పాడు. ఆ రోజు అక్క ఫోను కూడా ఎత్తలేదు.

మరునాటి ఉదయానికే రజిత వచ్చేసింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. మందు ఎక్కడని అడిగితే అతడు నన్ను చూపించాడు. ఆమె మూత లాగింది. నా బిగువు దాచిన వాసనంతా ఒక్కసారిగా గదిలోకి వచ్చింది.

"ఇదేంది?"

"మందే."

"ఎవలు రాసిండ్రు?"

"నేనే రాసుకున్న. దీంతోనే జర మంచిగనిపిస్తది అక్కా."

"మంచిగనిపిస్తే గిట్లున్నవేందిరా?"

అతడు దుప్పటి కప్పిన తెరవైపు తిరిగాడు. "నేను లేకుంటే నీకు ఒక రంది తప్పుతది."

రజిత ఏడవలేదు. నేలమీద అతని పక్కనే చతికిలబడి మణికట్టు పట్టుకుంది. రెండో చేత్తో నన్ను తీసుకొని, డాక్టరు గదిదాకా ఆ చెయ్యి వదలలేదు.

"మొన్న అడిగితే లేదంటిరి గదా," అన్నాడు డాక్టరు నాలోకి చూసి.

"మీరు మందని అడిగిండ్రు సార్. ఇది ఆకు గద."

"నాతోని మందే అంటివి గదరా," అంది రజిత.

డాక్టరు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. తప్పు తన ప్రశ్నదేనన్నాడు. తరువాత నిదానంగా వివరించాడు: గంజాయి దిగులును తీసివేయలేదు, కాసేపు కనబడకుండా చేసింది, మత్తు దిగిపోయిన ప్రతిసారీ దిగులు మరింత బరువుతో తిరిగివచ్చింది, భయాన్నీ వెంటబెట్టుకొచ్చింది. కొందరికి ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితి కూడా వస్తుందట. చావు ఆలోచన వచ్చిందా అని సూటిగా అడిగాడు. వచ్చిందని నిరంజన్ సూటిగానే చెప్పాడు. కొన్నాళ్లు అతన్ని ఒంటరిగా ఉంచవద్దని, వెంటవెంటనే వచ్చి కనబడాలని డాక్టరు రజితకు చెప్పాడు. ఆమె దుకాణం మూసి హనుమకొండలోనే ఉండిపోయింది.

నన్ను నిరంజన్ తిరిగి తీసుకోలేదు. ఇంట్లో ఉంటే చెయ్యి నా మీదికే పోతుందన్నాడు. ఇప్పుడు డాక్టరు బల్లమీద గుండుసూదులు మోస్తున్నాను. ఆయన ఇప్పుడు మందు అలవాటుందా అని ఎవరినీ అడగడు. "మనసు బాగలేనప్పుడు మీ అంతట మీరు ఏం తీసుకుంటరు?" అంటాడు. ఎన్ని జవాబులు! ఒకాయన దగ్గుమందు తాగుతాడు, ఒకామె పొరుగింటామె నిద్రమాత్రలు మింగుతుంది. అన్నీ మందులే, ఎవరికి వారే వైద్యులు. వింటున్నకొద్దీ నాకు ఇంకా వినాలనిపిస్తుంది.

మొన్న నిరంజన్ ఒంటరిగా వచ్చాడు. అక్క జనగామకు పోయి మళ్లీ దుకాణం తెరిచిందట. కొద్దిగా ఒళ్లు చేశాడు. దిగులు పూర్తిగా పోలేదని, నిన్న మళ్లీ గట్టిగా పట్టిందని, ఆకు ఎక్కడ దొరుకుతుందో కాళ్లకు కూడా తెలుసని చెప్పాడు.

"మరేం జేసిండ్రు?"

"అక్కకు ఫోన్ జేసిన."

"ఏమన్నది?"

"ఎత్తలే సార్."

డాక్టరు చేతిలో కలం ఆగింది. నేను కూడా నా మూతను బిగబట్టుకున్నాను.

"మళ్ల జేసిన," అన్నాడు నిరంజన్.