మంచం కోడు నుంచి చూసిన ప్రాగ్

నేను ఒక ఇనుప గొలుసును. మెడలో వేసుకునే రకం కాదు. రైల్లో సీటు కింద సామాన్లను కట్టేసే రకం. రెండు మూరల పొడవు, ఒంటి మీద నీలం ప్లాస్టిక్ తొడుగు, చివర చిన్న తాళం. పుట్టింది ఉత్తరాదిలో ఏదో రేకుల షెడ్డులో. పెరిగింది మాత్రం సామర్లకోట ప్లాట్‌ఫారం మీద, గొలుసులమ్మే మనిషి భుజాన వేలాడుతూ.

అక్కడే బెల్లం వ్యాపారి వీరభద్రంగారు నన్ను కొన్నారు. నెలకోసారి అనకాపల్లి వెళ్లేవారు. సంచిని నాతో సీటుకు కట్టి, తాళం వేసి, లాగి చూసి, ఇంకోసారి లాగి చూసి, ఆ తర్వాత కన్ను మూయకుండా నన్నే చూస్తూ కూర్చునేవారు. నన్ను నమ్మి నిద్రపోయింది ఒక్కసారే. ఆ రోజు అనకాపల్లి వచ్చినా తాళం తెరుచుకోలేదు. ఆయన సంచిని కౌగిలించుకుని దువ్వాడ దాకా వెళ్లారు. ఇన్నేళ్ల నా సర్వీసులో నేను ఆపిన దొంగ ఒక్కడూ లేడు. ఆపిందల్లా యజమానినే.

అయినా ఆయనకు నా మీద గౌరవం తగ్గలేదు. మేనకోడలు హైమావతి యూరప్ వెళ్తోందని తెలియగానే నన్ను తీసి తుడిచి ఆమె చేతిలో పెట్టారు. "అక్కడ జేబుదొంగలు ఎక్కువంటమ్మా, దీన్ని వదలకు" అన్నారు. ఆయన యూరప్ వెళ్లలేదు. వెళ్లనివాళ్లకే ఇలాంటివి బాగా తెలుస్తాయి.

హైమావతి బ్యాంకులో పనిచేస్తుంది. ఆమెతో బయల్దేరింది రజియా. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. వీపున చెరో సంచి, ప్రాగ్‌లో నాలుగు రోజులు. తిరిగొచ్చిన మర్నాడే రజియా కొత్త ఉద్యోగంలో చేరాలి. హైదరాబాదు విమానాశ్రయంలోనే రజియా పాస్‌పోర్టును హైమావతి లాగేసుకుంది. "నీ దగ్గరుంటే పారేస్తావు" అంది. రజియా నవ్వి ఇచ్చేసింది.

ప్రాగ్‌లో దిగింది యాత్రికుల హాస్టల్లో, ఆరుగురు పడుకునే గది. అంతస్తుల ఇనుప మంచాలు. మిగతావాళ్ల గడియారాలు కిటికీ గట్టు మీద, కంప్యూటర్లు దుప్పట్ల మీద పడి ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక బీరువా కూడా ఇచ్చారు. హైమావతి దాన్ని తెరిచి చూసి మూసేసింది. బీరువా హాస్టల్‌వాళ్లదే, దాని తాళమూ వాళ్లదే, ఎలా నమ్మడం అంది. పాస్‌పోర్టులు రెండూ తన సంచిలో పెట్టి, రెండు సంచుల పట్టీల్లోంచీ జిప్పుల కన్నాల్లోంచీ నన్ను దూర్చి మంచం కోడుకు బిగించింది. కాబట్టి యూరప్ గురించి నన్నడిగితే చెప్పగలిగింది ఇదే: బూడిదరంగు పూసి ఉంటుంది, కింద రబ్బరు తొడుగు ఉంటుంది, ఒక పక్క కాస్త తుప్పు పట్టింది.

మిగతా నగరం గురించి విన్నాను. నది మీద రాతి వంతెన, వంతెన మీద వరసగా విగ్రహాలు, గంట కొట్టినప్పుడు బొమ్మలు కదిలే పెద్ద గడియారం. రెండోరోజు కోట గుట్ట సగం ఎక్కాక, తాళం సరిగ్గా పడిందో లేదోనని హైమావతికి అనుమానం వచ్చింది. ఇద్దరూ దిగొచ్చి నన్ను లాగి చూశారు. "కోట చూడ్డానికొచ్చామా, సంచులు చూడ్డానికొచ్చామా?" అంది రజియా, రొప్పుతూ. మళ్లీ ఎక్కే ఓపిక ఇద్దరికీ లేదు. అలా ఒక కోటను నేను కాపాడాను, వాళ్ల చూపు పడకుండా.

తాళంచెవి ఎక్కడుండేదో నాకూ హైమావతికీ మాత్రమే తెలుసు. వాళ్లమ్మ ఇచ్చిన కందిపొడి డబ్బాలో. ఏ దొంగా కందిపొడిలో వేలు పెట్టడని ఆమె లెక్క. దాచే ముందు తలుపు వైపు ఒకసారి, రజియా వైపు ఒకసారి చూసేది. ఆ రెండో చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఎదుటి మంచం మీద ఇనేస్ అనే పోర్చుగల్ ఆవిడ ఉండేది. యాభై దాటాయి, ఒంటరిగా దేశాలు తిరుగుతోంది. మొదటిరోజు రజియా రొట్టెకు వెన్న రాసి పైన కందిపొడి చల్లి ఇచ్చింది. ఆవిడకు కళ్లనీళ్లు వచ్చాయి. రెండోరోజు తనే రొట్టె పట్టుకుని వచ్చి నిలబడింది.

చివరి రోజు ఉదయం హైమావతి సంచులు సర్ది, నన్ను బిగించి, చెవిని డబ్బాలో దాచి స్నానానికి వెళ్లింది. ఇనేస్ కూడా అప్పుడే బయల్దేరుతోంది. రజియా ఆవిడను కావలించుకుని, కిటికీ గట్టు మీదున్న డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టింది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

హైమావతి వచ్చి ఖాళీ గట్టును చూసింది. సంగతి తెలిసి తడితలతోనే వీధిలోకి పరిగెత్తింది. ఇనేస్ ఎక్కిన ట్రాము వెళ్లిపోయింది. ఇనేస్ ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు. విమానాశ్రయం బస్సుకు ఇంకా ముప్పావు గంటే ఉంది.

"అడక్కుండా ఎందుకిచ్చావే?" అంది హైమావతి.

"పొడే కదా అనుకున్నా. చెవి అందులో ఉందని నాకెప్పుడైనా చెప్పావా?"

"ఎవరికీ తెలియకూడదని..."

"నువ్వు స్నానానికెళ్తే గదిలో ఉన్నది నేనూ ఆవిడా. ఆవిడకి తెలియకూడదంటే సరే. నాక్కూడానా?"

హైమావతి అలవాటు అని ఏదో గొణిగింది. రజియా కిటికీ వైపు తిరిగి నిలబడింది. నాలుగు రోజులుగా రెండు సంచుల్ని కలిపి పట్టుకున్నాను. ఆ ఇద్దరి మధ్య మాత్రం ఎంత ఖాళీ ఉందో ఆ రోజే తెలిసింది.

హాస్టల్ చూసుకునే పెద్దాయన ఇనుము కోసే పొడుగు పిడుల కత్తెర తెచ్చాడు. ఇదేమిటని మర్యాదగా అడిగాడు. రైల్లో సామాన్లకు అని రజియా చెప్పింది. ఆయన మంచం చుట్టూ చూసి, ఇది కదలదు కదా అన్నాడు. తర్వాత నన్ను రెండు ముక్కలు చేశాడు. ఎవరూ బాధపడలేదు.

హైమావతి సంచి తెరిచి రజియా పాస్‌పోర్టు తీసి ఆమె ముందు పట్టుకుంది. "నీది నువ్వే ఉంచుకోవే. నేను లాక్కోకుండా ఉండాల్సింది."

రజియా దాన్ని తీసుకుంది. తెరిచి తన ఫొటో చూసుకుంది. మళ్లీ హైమావతి చేతిలోనే పెట్టింది.

"నా దగ్గరుంటే నిజంగానే పారేస్తాను. నువ్వే ఉంచు. ఎక్కడ పెడుతున్నావో మాత్రం చెప్పు."

"ముందు జేబులో. కుడివైపు" అంది హైమావతి. రజియా ఆ జేబును ఒకసారి తట్టి, ఆమె సంచి కూడా తనే భుజాన వేసుకుని మెట్లు దిగింది. బస్సు అందిందనే అనుకుంటాను. మళ్లీ వెనక్కి వచ్చి నన్ను లాగి చూడలేదు కాబట్టి.

ఇప్పుడు నేను ఆ హాస్టల్ గుమ్మం పక్కన, జనం మరచిపోయిన వస్తువుల అట్టపెట్టెలో ఉన్నాను. తోడుగా ఒంటి చేతితొడుగు, విరిగిన గొడుగు. రెండు వారాలకు ఇనేస్ నుంచి ఒక కవరు వచ్చింది. లోపల చెవి, దానికి అంటుకున్న కాస్త కందిపొడి, ఆ పొడి ఎక్కడ దొరుకుతుందో అడుగుతూ ఒక చీటీ. పెద్దాయన చెవిని తాళంలో పెట్టి తిప్పాడు. అనకాపల్లిలో మొరాయించిన తాళం ఒక్క తిప్పుకే తెరుచుకుంది.

ఈ పెట్టెకు మూత లేదు. రోజూ పదుల మంది దీని పక్క నుంచే నడిచి వెళ్తారు. నన్ను ఇంతవరకూ ఎవరూ దొంగిలించలేదు.