నొప్పులమ్మ మొక్కు

ఏడో వాత పడేసరికి నూకన్న మోకాళ్ల మీద కూలబడ్డాడు. కాలిన చర్మం వాసన జెట్టీ అంతా కమ్మింది. మొగుణ్ణి పట్టుకోవడానికి కాశమ్మ ఉరికితే బంగారురాజు మనుషులు చేతులడ్డం పెట్టారు.

"అమ్మోరు తింటోంది. అడ్డం రాకే!"

నొప్పులమ్మకు కోళ్లొద్దు, కొబ్బరికాయలొద్దు. మనిషి నొప్పే నైవేద్యం. సిక్కోలు తీరం నుంచి ఓడెక్కి వచ్చిన తాతలు ఆ తల్లిని ఈ దీవిలో రాయిగా నిలిపారు. కొత్త బోటు దింపితే ఏడు వాతలు. బోట్లూ మొక్కులూ సేఠ్ బంగారురాజువి. వీపులు మాత్రం కూలోళ్లవి. కాదన్నవాడు మర్నాడు బోటెక్కడు.

నూకన్న వీపు చీము పట్టింది. పది రోజులు బోర్లా పడుకుని మూలిగాడు. చూడ్డానికొచ్చిన బంగారురాజు గుమ్మం దాటలేదు.

"వచ్చే నెల ఇంకో బోటు దింపుతున్నా. అప్పలకొండ వీపు చూసుంచాలే," అని నవ్వాడు.

ఆ నవ్వుకు కాశమ్మ ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే వలల షెడ్డులో కూలోళ్లందర్నీ కూర్చోబెట్టింది.

"మొక్కు సేఠ్‌ది. వాత మనకేటి?"

"అమ్మోరితో పరాచికాలొద్దు దీదీ," అన్నాడు అప్పలకొండ. "నాను కాదంటే పిల్లలు పస్తులుంటారు."

"నువ్వొక్కడివీ కాదంటే పస్తే. నలభైమందిమీ కాదంటే ఆడి బోటెలా కదుల్తాది?"

"అమ్మోరికి కోపమొచ్చి తుపానొస్తే నువ్వడ్డమొత్తావేటి?" వెనకనుంచి ఎవరో అరిచారు.

అందరూ యర్రమ్మ వైపు చూశారు. వాతలు పెట్టే ముసలమ్మ ఆమే. నోట్లోంచి చుట్ట తీసింది.

"బిడ్డకి జొరమొస్తే తల్లి తన సెయ్యి తనే కాల్సుకునేది. ఆడి నొప్పి నానూ మోత్తానని. అదే మొక్కని మాయమ్మ సెప్పింది. ఒకడి మొక్కుకి ఇంకొకడి తోలు అమ్మోరు అడగనేదు. సేఠ్ అడిగాడు. నాను కాల్చాను." తన చేతులు తనే చూసుకుంది. "ఎంతమందినో కాల్చాను."

ఆ తర్వాత షెడ్డులో ఎవరూ తుపాను మాటెత్తలేదు.

పై నెల కొత్త బోటుకి పూలదండలు వేశారు. మేళం మోగుతోంది. యర్రమ్మ నిప్పుల్లోంచి ఎర్రటి కడ్డీ తీసి, అప్పలకొండను దాటుకుని పోయి, బంగారురాజు ముందు నిలబడింది.

"సొక్కా ఇప్పు బాబూ. మొక్కు నీది."

మేళం ఆగిపోయింది.

"పిచ్చెక్కిందా ముసల్దానా!" బంగారురాజు రెండడుగులు వెనక్కేశాడు.

"ఇప్పు!" అంది కాశమ్మ.

"ఇప్పు! ఇప్పు!" జెట్టీ అంతా అందుకుంది.

"అమ్మోరి ద్రోహులు! ఏక్ ఏక్ కో కామ్ సే నికాల్ దూంగా!"

"నువ్వు పన్లోంచి తీసేదేటి, మేమే బోటెక్కం. బస్!" అంది కాశమ్మ.

అరగంటలో పోలీసు జీపు వచ్చింది. బంగారురాజు వేలు చూపించగానే పోలీసులు కాశమ్మను జుట్టు పట్టి లోపలికి తోశారు. జీపు కదలబోతుంటే నూకన్న వచ్చి చక్రం ముందు కూర్చున్నాడు. ఆ వీపు ఇంకా మానలేదు. అతని పక్కన అప్పలకొండ కూర్చున్నాడు. తర్వాత యర్రమ్మ, చేపల గంపలు దింపి ఆడవాళ్లందరూ.

ఐసు దిమ్మలు మోసే, రాంచీ నుంచి వచ్చిన కూలీలు ఆగి ఏమైందని అడిగారు. "క్యా హువా దీదీ?"

"మొక్కు ఆళ్లది, కాలేది మనం, భయ్యా!" కాశమ్మ కిటికీలోంచి గొంతు చించుకుంది. "మీ సేఠ్ దగ్గరా అంతే కదా?"

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దిమ్మలు ఎండలోనే దించి, వచ్చి వరసలో కూర్చున్నారు. పక్క సేఠ్ బోట్ల మీంచి కూడా మనుషులు దిగుతున్నారు.

డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ, ఇంజను ఆపేశాడు.