ఇల్లరికం వచ్చిన రౌటర్

చెవులు వినపడని పిల్లలకు కోడలు ఇంటినుంచే కంప్యూటర్ తెర మీద చేతులతో పాఠాలు చెబుతుంది. మాటలైతే మధ్యలో ఒక ముక్క తెగినా అతికించుకోవచ్చు. చెయ్యి గాల్లో ఆగిపోతే అర్థం కూడా అక్కడే ఆగిపోతుంది. అందుకే మామగారు, బస్సు నడిపి రిటైరైన మనిషి, ముందుగది నుంచి వెనకగది దాకా వైరు లాగి, అటక మీది పాత రౌటర్‌ను దానికి తగిలించారు. ముందుగదిలోని పెద్ద రౌటర్ ఇచ్చిన ఇంటర్నెట్‌ను అది వెనకగదికి పంచుతుంది. అడక్కుండా చేసిపెట్టిన ఆ పనికి ఆమె మనసులోనే ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకుందో ఆయనకు తెలియదు.

ఇవాళ పొద్దున్నుంచీ బొమ్మ నిలిచిపోతోంది. పక్కింటివాళ్లు కొత్త వైఫై పెట్టించుకున్నారు. అదీ ఈ పాత రౌటరూ గాల్లో ఒకే దారిలో, అంటే ఒకే ఛానల్లో, పడి కొట్టుకుంటున్నాయి. పాత రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఛానల్ మారిస్తే సరి. కాసేపట్లో పిచ్చుక అని అందరూ ముద్దుగా పిలిచే పిల్ల మొదటిసారి అమ్మానాన్నల ముందు కథ చెప్పబోతోంది. ఈ చేతిభాష దండగ, మాన్పించేద్దాం అంటున్న తండ్రి, ఈ ఒక్కసారికి చూస్తానన్నాడు.

సెట్టింగుల పేజీ తెరవడానికి కోడలు పాత రౌటర్ అడుగున అంటించి ఉన్న అడ్రసు నంబరును కంప్యూటర్లో కొట్టింది. పేజీ తెరుచుకోలేదు. మామగారు కళ్లజోడు తుడుచుకుని తనూ కొట్టారు. ఊహూఁ.

"నేనే ఏదో చెడగొట్టి ఉంటానమ్మా," అన్నారు ముఖం చిన్నబుచ్చుకుని.

బట్టలు మడతపెడుతున్న అత్తగారు తలెత్తారు. "ఆ నంబరు ఎప్పటిది?"

"అది సొంతంగా ఇల్లేలిన రోజులది," అన్నారు మామగారు.

"ఇప్పుడు ఇల్లరికం వచ్చిందిగా. పాత అడ్రసుకు రాస్తే అందుతుందా? మీకు మా నాన్న కేరాఫ్ అని రాస్తేనేగా ఉత్తరాలొచ్చేవి."

మామగారు మూతి ముడవబోయి నవ్వేశారు. ఇల్లు అత్తగారి పుట్టిల్లు మరి. కోడలికి మాత్రం బుర్రలో దీపం వెలిగింది. ఈ ఇంట్లో ఎవరి నంబరేదో ఇప్పుడు నిర్ణయించేది పెద్ద రౌటరే కదా! దాని పేజీ తెరిచి చూస్తే, ఫోన్ల కింద, టీవీ కింద, పాత రౌటర్ కొత్త నంబరుతో బుద్ధిగా కూర్చుని ఉంది. ఆ నంబరు కొట్టగానే సెట్టింగులు తెరుచుకున్నాయి. ఛానల్ మార్చింది.

పిచ్చుక దారి తప్పిన మేకపిల్ల కథ చెప్పింది. ఒక్క వేలు కూడా మధ్యలో ఆగలేదు. మేకపిల్ల ఇల్లు చేరాక తండ్రి గొంతు సవరించుకుని, "టీచరుగారూ, మళ్లీ చెప్పు అనడానికి చేతులెలా పెట్టాలి?" అని అడిగాడు.

పాఠం అయ్యాక కోడలు మామగారి ముందు నిలబడి, అరచెయ్యి గడ్డానికి ఆనించి ముందుకు చాచింది.

"ఏమిటమ్మా అది?"

"మీ రుణం తీర్చుకోలేను అని, మామయ్యా. మీరా వైరు లాగకపోతే ఆ నాన్న ఆ మాట అడిగేవాడు కాదు."

ఆయన తన అరచెయ్యి వంక చూసుకున్నారు. తర్వాత అత్తగారి వైపు తిరిగి, అరచెయ్యి గడ్డానికి ఆనించి, వంకరటింకరగా ముందుకు చాచారు.

అత్తగారు చేతిలోని తువ్వాలు మడత మరిచిపోయారు.

"అందింది లెండి," అన్నారు.