తిరగేసిన గొడుగు

తెల్లగొడుగును తలకిందులుగా పట్టుకుని, ఇన్నయ్య పైనున్న ఎండుకొమ్మను కర్రతో మూడుసార్లు తట్టాడు. బూజు పట్టిన బెరడుముక్కలు, చీమలు, ఒక సాలీడు గొడుగులో పడ్డాయి. కావలసింది మాత్రం కనిపించలేదు.

మేకలు తోలుకెళ్తున్న పూలి ఆగి నవ్వింది. "ఓ మామా, వాన కింది నుంచి వస్తదా ఏంది?"

"వచ్చినప్పుడు నీకే ముందు చెప్త, పో!"

దుమ్ముగూడెం అడవిలో ఇరవై ఏళ్లుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఇద్దరికీ ఇంకా విసుగు రాలేదు.

ఇన్నయ్య భద్రాచలంలో ఒక కాలేజీ పురుగుల గదికి అటెండరు. ఈ సాయంత్రమే రిటైరవుతాడు. ఆ గదిలో ఒక చిన్న పెట్టె నిండా నువ్వుగింజంత ఎండిన ముక్కుపురుగులు, బూజు తిని బతికే రకం. ఒక సారు వాటిని ఒక కుటుంబంలో చేర్చాడు, తర్వాతి సారు ఇంకో కుటుంబంలోకి మార్చాడు, మూడో సారు ప్రశ్నార్థకం పెట్టి బదిలీ అయిపోయాడు. పెట్టెను బీరువా నుంచి బీరువాకు మోసింది మాత్రం ఇన్నయ్యే.

తలమీది మీసాలు చూస్తే ఏ కుటుంబమో కొంతైనా తేలుతుందని ఇప్పటి మహిమ మేడం అంటుంది. ఆ మీసాలు లేకపోవడానికి కారణం ఇన్నయ్యే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సార్ల బల్ల తుడిచినంత శ్రద్ధగా పురుగులను కూడా బ్రష్షుతో తుడిచాడు. మీసాలన్నీ రాలిపోయాయి. ఎవరూ తిట్టలేదు కానీ, తాను దిగిపోయేలోపు మీసాలున్నది ఒక్కటైనా తెచ్చివ్వాలని ఆయన పట్టు. ముట్టుకుంటే చాలు, చచ్చినట్టు పడి ఉంటుందది, చూస్తే బెరడుముక్కే.

మధ్యాహ్నం జల్లు పడింది. ఇన్నయ్య గొడుగు వేసుకోలేదు. లోపలి చెత్త ఒలకకుండా దాన్ని మడిచి చంకన పెట్టుకుని, తడుస్తూనే బస్సెక్కాడు. ఆ చెత్తను తీరిగ్గా కాగితం మీద దులుపుకుందామనుకుంటే, కాలేజీ గేటు దగ్గరే అందరూ దండలతో పట్టుకున్నారు.

శాలువా కప్పారు, మైసూర్‌పాక్ పెట్టారు. మాట్లాడమన్నారు.

"నా కాడ చెప్పేటందుకు ఏం లేదు. ఆ పురుగులకో ఇల్లు జూడుండ్రి."

అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ ఇన్నయ్యే నవ్వాడు. ఇంతమందికి తనంటే ఇంత ఇష్టమని ఆయనకు ఇవాళే తెలిసింది. ఆ సంతోషంలో దులపడం సంగతే మరిచిపోయాడు. కాలేజీ గొడుగును దాని మేకుకే తగిలించి, సొంతూరు చండ్రుగొండకు బస్సెక్కాడు.

తడిగొడుగు ఆరుతుందని మహిమ దాన్ని బల్ల మీద తెరిచింది. ఒక బెరడుముక్క లేచి నడిచింది. ఆమె భూతద్దం అందుకుంది, వెంటనే ఫోను కూడా అందుకుంది.

"ఇన్నయ్య గారూ, దొరికింది! మీసాలు రెండూ ఉన్నయ్!"

అవతల బస్సు మోత. దాన్ని మించి ఆయన నవ్వు.

"మేడం, ముందు జల్దీ ఆ బ్రష్షు దాచిపెట్టుండ్రి!"

బల్ల మీద తెల్లగొడుగు వెల్లకిలా తెరుచుకునే ఉంది.